ఓర్పు నేర్పిన తుపాకి: జెర్డాన్ జీవితకథ

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బాటసారికి పాల్వంచ దాటగానే అడవి ఎదురు వస్తుంది. టేకు, ఇప్ప, తునికి, వెదురు గుబురుగా పెరిగిన ఆ అడవి నడుమ అక్కడక్కడ రాతినేలలు కనిపిస్తాయి. వాటిమీద ముళ్ళపొదలు పలుచగా పెరిగి ఉంటాయి. శ్రీరామ దర్శనానికి పోయే యాత్రికుని దృష్టి గోదావరి మీద, ఆవలి ఒడ్డున కనిపించే గోపురం మీద ఉంటుంది గాని, ఆ ముళ్ళపొదల మీద ఉండదు. కాని పక్షిశాస్త్రం చదివిన వారికి అటువంటి పొదలే ఒక తీర్థం.

ఈ అడవి చాలాకాలం రెండు రాజ్యాల పొలిమేరగా ఉండినది. ఖమ్మం వైపు నిజాము ఏలుబడి. భద్రాచలం తాలూకా 1860లో ఇంగ్లీషువారి చేతికి వచ్చి, 1874 వరకు మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, తరువాత మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరినది. 1959లో గాని అది ఖమ్మం జిల్లాతో కలియలేదు. 1870 ప్రాంతంలో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం బ్లాన్‌ఫర్డ్ ఈ గోదావరీ తీరంలో రాళ్ళను, బొగ్గు పొరలను పరీక్షిస్తూ తిరిగినాడు. భద్రాచలం, సిరొంచ పరిసరాలలో ఆయనకు ఒక అపురూపమైన పిట్ట కనిపించినది. రొమ్ముమీద రెండు పట్టీలు, గొంతుమీద నారింజరంగు మచ్చ, పెద్ద కన్నులు కలిగి, ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడే పిట్ట అది. అప్పటికి ఇరువది సంవత్సరాలకు పూర్వమే నెల్లూరు, కడప కొండలలో దానిని కనిపెట్టి లోకానికి తెలిపిన వైద్యుడొకడు ఉన్నాడు. ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డాన్. నేటికీ ఆ పిట్ట ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలువబడుతున్నది.

జెర్డాన్ చేతిలో వైద్యుని కత్తితోపాటు ఎప్పుడూ ఉండిన సాధనం మరొకటి కలదు. అది మూతిలోనుంచి మందు కూరి పేల్చే తుపాకి. ఆ తుపాకిని అర్థం చేసుకొననిదే ఆయన జీవితం అర్థం కాదు.

జెర్డాన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హం మండలంలో జన్మించినాడు. వారి వంశం స్కాట్లండు పొలిమేరలోని జెడ్‌బర్గ్ ప్రాంతానికి చెందినది. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివినాడు. అక్కడ ప్రకృతిశాస్త్రంలో అభిరుచి గల విద్యార్థులు ప్లినీ పేర ఒక సంఘం పెట్టుకొని ఉండేవారు. జెర్డాన్ దానిలో సభ్యుడు. వైద్యం జీవనోపాధి అయినది. ప్రకృతి పరిశీలన జీవితమే అయినది.

1835లో ఆయనకు ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ వైద్యుని ఉద్యోగం దొరికినది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 21న మద్రాసులో ఓడ దిగినాడు. మొదటిసారిగా ఆయనను పంపినది గంజాం వైపు, తూర్పు కనుమలకు. అక్కడి దండులో జ్వరం, రక్తవిరేచనాలు ప్రబలి సిపాయీలు రాలిపోతున్నారు. ఆ కొత్త వైద్యుడు పగలు రోగులను చూచుకొనేవాడు. తీరిక చిక్కినప్పుడు కొండలలో తిరిగి పక్షులను సేకరించేవాడు.

సేకరించుట అంటే నేటి విద్యార్థికి బొమ్మ తీయుట అని తోచవచ్చును. ఆనాడు అట్లా కాదు. అడవిలో పిట్టను పట్టే కెమెరా పుట్టలేదు. చేతిలో పట్టే దుర్భిణులు అంతంతమాత్రం. ఒక పిట్ట ఏ జాతిదో నిశ్చయించవలెనంటే దానిని చేతిలోకి తీసుకొని, రెక్క కొలిచి, ముక్కు కొలిచి, చర్మం వలిచి, చీడ పట్టకుండా మందు పూసి, దూరదేశపు పండితునికి పంపవలసి ఉండేది. వలలు, ఉరులు, బోనులు కొంత పని చేసేవి. మిగిలినది తుపాకి చేయవలెను.

1836లో తుపాకి అంటే ఏమిటి? వెనుకనుంచి తూటా పెట్టి మూసే వేటతుపాకి ఆనాటి వేటగాండ్రలో వ్యాపించలేదు. అటువంటిది లండనులో 1851 నాటి మహాప్రదర్శనలో కనిపించిన తరువాతనే ఇంగ్లీషు వేటగాండ్ర కన్ను దానిమీద పడినది. అంతకుముందు అందరిదీ ఒకే పద్ధతి. గొట్టం ఒకవైపు పూర్తిగా మూసి ఉంటుంది. మందైనా, గుండైనా రెండవవైపు మూతిలోనుంచే లోనికి పోవలెను. నిప్పు తగిలించే విధం మాత్రం కాలక్రమేణ మారినది. మొదట మండుతున్న వత్తిని మందుకు తగిలించేవారు. తరువాత చెకుముకి రాయి ఉక్కుకు కొట్టుకొని రవ్వ రాల్చేది. 1807లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండు మతగురువు, దెబ్బతగిలితే పేలే రసాయనాన్ని తుపాకికి ఉపయోగించే ఉపాయం కనిపెట్టినాడు. దానినుంచి రాగిటోపీ వచ్చినది. వర్షంలో కూడ చాలవరకు పేలునని వేటగాండ్రు దానిని ఆదరించినారు. జెర్డాన్ మద్రాసు చేరేనాటికి ఇదే కొత్త పద్ధతి.

ఆ తుపాకిని నింపే క్రమం ఒక చిన్న యజ్ఞం వంటిది. ముందు, క్రితంసారి పేలిన తరువాత గొట్టంలో నిప్పుకణం మిగులలేదని నమ్మకం చిక్కేదాకా ఆగవలెను. సురేకారం నూటికి 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10 కలిపి చేసిన నల్లమందును కొలతపాత్రలో కొలిచి మూతిలో పోయవలెను. దానిమీద పీచుతోనో అట్టతోనో చేసిన బిరడాను పెట్టి, కడ్డీతో అడుగంటే దాకా దింపవలెను. ఆపై రవలనబడే సన్న సీసపు గుండ్లు. వాటిమీద మరొక పలుచని బిరడా. చిట్టచివర, గురి చూడబోయే ముందు మాత్రమే, రాగిటోపీని దాని మొనమీద తొడగవలెను. కవాతులో ఆరితేరిన సిపాయి నిమిషానికి మూడుసార్లు పేల్చగలిగితే గొప్ప. అడవిలో చెమటలు కక్కుతున్న వేటగానికి ఒక్కసారికే నిమిషం పట్టేది.

ఈ క్రమంలోని ప్రతి మెట్టు వెనుక ఎవరో ఒకరు పోగొట్టుకొన్న వేలో, కన్నో, ప్రాణమో ఉన్నది. మందుసీసా మూతిని నేరుగా గొట్టానికి ఆనించి పోసేవానికి, లోపల దాగిన ఒక నిప్పురవ్వ చాలు. సీసా మొత్తం చేతిలో బాంబు అవుతుంది. అందుకే కొలతపాత్ర. కడ్డీని అరచేతితో తోసేవాడు, మూతిమీదికి తల వంచేవాడు, తానే తుపాకికి గురిగా నిలిచినట్లు. గుండుకూ మందుకూ నడుమ ఖాళీ మిగిలినా, మూతిలో మన్ను చేరినా గొట్టం పగులుతుంది. నింపినది మరచి మళ్ళీ నింపిన తుపాకి కూడ పగులవచ్చును. కనుకనే తెలిసినవారు కడ్డీమీద ఒక గీటు పెట్టుకొనేవారు. ఖాళీ గొట్టంలో కడ్డీ ఎంత దిగునో, నింపిన గొట్టంలో ఎంత దిగునో ఆ గీటే చెప్పేది. రెండు గొట్టాల తుపాకిలో ఒకటి పేల్చి దానిని మళ్ళీ నింపేటప్పుడు, రెండవదాని టోపీని ముందుగా తీసివేయుట ప్రాణధర్మం. అది మరచి సుత్తి జారి చనిపోయిన వేటగాండ్రు ఎందరో కలరు.

మరొక అపాయం మోసకారిది. మీట నొక్కితే టోపీ పేలును గాని తుపాకి పేలదు. తెలియనివాడు వెంటనే దింపి మూతిలోకి చూస్తాడు. లోపల తడిసిన మందు మెల్లగా రాజుకొని కొన్ని క్షణాలకు పేలవచ్చును. తెలిసినవాడు మూతిని నిర్జనమైన దిక్కుకే పెట్టి, కదలక, నిమిషం దాకా లెక్కపెట్టుకొంటాడు. అలికిడి విని పొదలోకి పేల్చరాదు. గురి వెనుక ఏమున్నదో చూడనిదే పేల్చరాదు. పొద వెనుక పశువులకాపరి ఉండవచ్చును, కట్టెలకు వచ్చిన తల్లి ఉండవచ్చును. పేల్చిన తుపాకిని ఆ రాత్రే వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాచి పెట్టవలెను. నల్లమందు మసి తేమను పీల్చి ఇనుమును తినివేస్తుంది.

ఈ నియమాలన్నిటి సారం ఒక్కటే: మీట నొక్కుటకు ముందే తెలుసుకొనవలసినదంతా తెలుసుకో. అవకాశం ఒక్కటే. అది తప్పితే పిట్ట ఎగిరిపోతుంది, నిమిషం గడిచిపోతుంది. పక్షిశాస్త్రజ్ఞునికి ఇంకొక ఇక్కట్టు కూడ కలదు. మందు ఎక్కువైనా, రవలు పెద్దవైనా పిట్ట చిల్లులు పడి చదువుటకు పనికిరాదు. కనుక మందు తగ్గించి, సన్నరవలు వేసి, దగ్గరకు పోవలెను. దగ్గరకు పోవలెనంటే అది ఎక్కడ మేయునో, ఎప్పుడు కూయునో, ఏ చప్పుడుకు బెదరునో ముందు తెలియవలెను. ఇట్లా ఆ మందకొడి తుపాకి వేటగానిని పరిశీలకుని చేసినది. జెర్డాన్ గ్రంథాలలో పిట్ట ఈకల వర్ణనతోపాటు దాని నడత, తిండి, కూత, గూడు ఇంత వివరంగా ఉండుటకు ఆ ఓర్పు కూడ ఒక కారణమని నా భావన.

గంజాం తరువాత 1837లో ఆయనను గుర్రపుదండుతో తిరుచిరాపల్లికి, అటుపిమ్మట నిజాము రాజ్యంలోని జాల్నాకు మార్చినారు. జాల్నాలో ఉండగానే ఆయనకు ఒక కష్టం తగిలినది. తాను సంపాదించిన పక్షుల చర్మాలను, జాతులు నిర్ణయించుట కోసం స్కాట్లండులోని పేరుపడిన పండితుడు సర్ విలియం జార్డిన్‌కు పంపినాడు. నెలల తరబడి సముద్రంమీద ప్రయాణం చేసి అవి చేరేసరికి పురుగు పట్టి పాడైపోయినవి. సంవత్సరాల శ్రమ పెట్టెలోనే మట్టి అయినది. మరొకడైతే నిరాశతో మానుకొనేవాడు. జెర్డాన్ మాత్రం ఇకమీద పరుల నిర్ణయంకోసం కాచుకొనక, తన కన్నులనే నమ్ముకొన్నాడు. 1839, 40 సంవత్సరాలలో మద్రాసు సాహిత్య శాస్త్ర పత్రికలో దక్షిణభారత పక్షుల పట్టిక ప్రకటించినాడు. అందులోని జాతులు సుమారు నాలుగు వందల ఇరువది.

1841లో ఉదకమండలంలో ఫ్లోరా మక్లౌడ్‌ను వివాహమాడినాడు. ఆమెకు చిత్రలేఖనంలో, ముఖ్యంగా పూలమొక్కల చిత్రణలో ఆసక్తి. తరువాత ఆయన నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన కాలం తెలుగువారు ప్రత్యేకంగా తలచుకొనవలసినది. నెల్లూరు అడవులలో యానాదులు ఆయనకు గురువులైనారు. ఏ పుట్టలో ఏమున్నదో, ఏ కూత ఏ పిట్టదో చెప్పగలిగిన ఆ అడవిబిడ్డలనుంచి ఆయన ఎన్నో సంగతులు గ్రహించినాడు. 1843 నుంచి 1847 వరకు ఏబది వర్ణచిత్రాలతో పక్షుల చిత్రగ్రంథం మద్రాసులో వెలువరించినాడు. ఆ చిత్రాలలో మన దేశపు చిత్రకారుల కుంచె పనితనం ఉన్నది.

ఆ రోజులలోనే నెల్లూరు, కడప మండలాల నడుమ కొండనేలలలో ఆ రెండుపట్టీల పిట్ట ఆయనకు దొరికినది. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను చూచుచుండిన ఎడ్వర్డు బ్లైత్ 1848లో దానికి శాస్త్రనామం పెట్టినాడు. జెర్డాన్ మాత్రం ఊరివారు ఏమనేవారో దానిని కూడ రాసుకొన్నాడు. తన గ్రంథాలలో ప్రతి పిట్టకు సాధ్యమైనంతవరకు హిందీ, తెలుగు, తమిళ నామాలను చేర్చుట ఆయన నియమం. పాలపిట్ట ఆయన పుటలలో పాలపిట్టగానే కనిపిస్తుంది. ఈ కొత్త పిట్టకు ఆయన విన్న తెలుగు పేరును ఇంగ్లీషు లిపిలో రాసినందున మనం సరిచేసి చదువవలసి ఉన్నది. అది అడవి ఉత్తతిత్తి. తిత్తి అంటే సంచి. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి. వేటగాని చేతికి చిక్కని పిట్టకు అంతకంటె తగిన పేరు ఉండదు గదా!

పక్షులతో ఆయన తృప్తిపడలేదు. 1851లో దక్షిణభారత చీమల పట్టిక ప్రకటించినాడు. ఎరమీదికి ఎగిరి దూకే గంతుచీమను మొదట వర్ణించి పేరు పెట్టినవాడు ఆయనే. చీమకు తుపాకి అక్కరలేదు. అక్కడ కూడ ఆయనకు తోడైనది ఒంగి కూర్చుండి చూచే ఓర్పే.

1852లో ఉద్యోగరీత్యా ఉత్తరదేశానికి పోయి, సాగరులోని గుర్రపుదండుకు వైద్యుడైనాడు. కొంతకాలానికి గవర్నరు జనరలు కానింగు ఆయన యోగ్యతను గుర్తించి, దండు కొలువునుంచి తప్పించి, గ్రంథరచనకే నియోగించినాడు. 1862–64 నడుమ భారతదేశ పక్షులను గురించిన ఆయన మహాగ్రంథం వెలువడినది. అందులో వెయ్యికి పైగా జాతులు ఉన్నవి. అంతవరకు చెదరి ఉండిన జ్ఞానం ఒకచోట చేరినది. మారుమూల ఠాణాలో ఉన్న ఉద్యోగి కూడ ఆ పుస్తకం చేత పట్టుకొని తన పెరటి పిట్టను గుర్తించగలిగినాడు. తరువాతి తరం పక్షిశాస్త్రానికి పునాది అదే. 1867లో క్షీరదాలను గురించిన గ్రంథం వచ్చినది. 1868లో ఉద్యోగవిరమణ చేసి, 1870లో స్వదేశం చేరి, 1872 జూన్ 12న లండను సమీపంలో జెర్డాన్ కాలధర్మం చెందినాడు.

ఆయన చివరి సంవత్సరాలలోనే తుపాకి లోకం తలక్రిందులైనది. 1866లో ఇంగ్లీషు సైన్యం తన పాత తుపాకులను వెనుకనుంచి తూటా పెట్టేవిధంగా మార్చుకొనసాగినది. వేటగాండ్రూ అదే దారి పట్టినారు. నింపుటకు నిమిషం పట్టే తుపాకి పోయి, క్షణంలో నిండే తుపాకి వచ్చినది. ఆలోచించే వ్యవధి కూడ దానితోనే పోయినది. తరువాతి అర్ధశతాబ్దంలో మన అడవులలో పెద్దపులులు, జింకలు ఎట్లా కూలినవో వేట పుస్తకాలలోని లెక్కలే సాక్ష్యం.

నగరాల దుకాణాలనుంచి తొలగిన పాత తుపాకి అడవి పల్లెలలో మిగిలిపోయినది. ఖమ్మం–భద్రాచలం పొలిమేరలో దానిని నాటు తుపాకి అనీ, ఛత్తీస్‌గఢ్ వైపు భర్మారు అనీ అంటారు. కోయల సంప్రదాయపు ఆయుధం విల్లంబులే. విత్తనాల పండుగనాటి సామూహిక వేటలో నేటికీ వాటికే గౌరవం. నాటు తుపాకి నడుమ వచ్చిన చుట్టం. దాని గొట్టం ఏ ఇనుముదో, అందులో ఎవరు ఎంత మందు పోసినారో ఎవరికీ తెలియదు. మంచి పనివాడు చేసి పరీక్షించిన పాత తుపాకికి చెప్పిన నియమాలు దీనిని క్షేమకరం చేయజాలవు.

చట్టం సంగతి విద్యార్థులు స్పష్టంగా ఎరిగి ఉండవలెను. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం మూతిలోనుంచి నింపే తుపాకికి కూడ లైసెన్సు కావలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అడవిమృగాల వేట నేరం. కనుక ఈ విద్య నేడు వేటకోసం కాదు. ప్రదర్శనశాలలో ఒక తుపాకిని చూచి దాని చరిత్ర చదువుటకు, అటకమీద తాతలనాటి తుపాకి దొరికినప్పుడు ప్రాణం కాపాడుకొనుటకు. అట్టి తుపాకి కనిపిస్తే అది నిండి ఉన్నదనే భావించవలెను. నల్లమందు పొడిగా ఉంటే ఎన్ని దశాబ్దాలైనా చావదు. సుత్తి ఎత్తి చూడరాదు, మూతిలోకి చూడరాదు, నిప్పు దగ్గరకు తీసుకుపోరాదు. పిల్లలను దూరంగా ఉంచి పోలీసులకు తెలుపవలెను.

ఇక ఆ పిట్ట కథ. బ్లాన్‌ఫర్డ్ తరువాత గోదావరీ తీరంలో దాని జాడ తెలియలేదు. 1900లో పెన్నానది ప్రాంతంలో ఒకసారి కనిపించి, తరువాత మాయమైనది. పండితులు ఎన్నోసార్లు వెదకినారు. ఇక లేదనే అనుకొన్నారు. ఎనుబదియైదు సంవత్సరాలు గడచిన తరువాత, 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం వారు ఊరూరా బొమ్మ చూపి వాకబు చేస్తూ ఉండగా, కడప మండలంలో సిద్ధవటం సమీపాన ఒక పల్లె వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టుకొన్నాడు. ఊరివారు దానిని కలివికోడి అన్నారు. పండితులు పగలు వెదకినారు. అది రాత్రి తిరిగే పిట్ట. ఆ పల్లెవారిని అడిగేదాకా రహస్యం వీడలేదు. పట్టిన పిట్ట కొద్దిరోజులకే చనిపోయినది గాని, దాని జాతి బ్రతికి ఉన్నదని రుజువైనది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని ఆశ్రయం అయినది. ఆ తరువాత పరిశోధకులు తుపాకి పట్టలేదు. నేలమీద మెత్తని మట్టి పరచి దాని అడుగుజాడలు చదివినారు. పొదలలో కెమెరాలు పెట్టినారు. నేడు అది లోకంలోని మిక్కిలి అరుదైన పక్షులలో ఒకటి.

జెర్డాన్ ఎన్నో పిట్టలను చంపినాడు. అది నిజం; దానిని దాచనక్కరలేదు. ఆనాటి శాస్త్రానికి వేరే దారి లేదు. కాని ఆయన పేరు నిలిచినది కాల్చిన పిట్టల లెక్కవల్ల కాదు. చూచినది జాగ్రత్తగా చూచి, తెలిసినవారిని వినయంతో అడిగి, విన్నది మరువక రాసినందువల్ల. ఆనాటి తుపాకి నియమం, విద్య నియమం చివరకు ఒకటే అయినవి: తెలియనిదే తొందరపడరాదు.

భద్రాచలం పోయే దారిలో ఆ ముళ్ళపొదల నడుమ నేడు ఉత్తతిత్తి తిరుగుతున్నదో లేదో చెప్పగలవారు లేరు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఒక సాయంకాలం ఆ పొదల అంచున కూర్చుండబెట్టి, చీకటి పడేదాకా చెవియొగ్గి వినమంటే, ఆ పాఠానికి తుపాకి అక్కరలేదు. జెర్డాన్ ఓర్పు ఉంటే చాలును.